విప్పని గుప్పిట

మైత్రీవనం దగ్గర బస్సెక్కిన ఆమె, కూతుర్ని ఒళ్లో పెట్టుకుని నా పక్క సీట్లో కూర్చుంది. ఆ పిల్లను చూడగానే గుర్తుపట్టాను. దివ్యాంగులైన పిల్లల వైద్య సాయానికి దరఖాస్తులు తీసుకునే కౌంటర్లో అప్పట్లో నా ఉద్యోగం. పిల్ల గుప్పిట విప్పడం లేదనీ, వేలిముద్ర పడలేదనీ ఆ పొద్దునే వాళ్లను తిప్పి పంపాను. అలా పంపడం అది మూడోసారి.

నా ముఖానికి మాస్కుంది, నన్ను పోల్చుకోలేదులే అనుకుని కిటికీ వైపు తిరిగాను.

పంజాగుట్ట సిగ్నల్ దగ్గర బస్సు ఆగిన కుదుపుకి పిల్ల ఒళ్లంతా బిగుసుకుపోయింది. తల్లి కంగారుపడలేదు. పిల్ల మణికట్టును కొద్దిగా లోపలికి వంచి, బొటనవేలి మొదట్లో మెల్లగా రాస్తూ, "ఏం కాదు బిడ్డా, జర వదులు" అంది. ఒక్కో వేలే విచ్చుకుంది. అప్పటికి సిగ్నల్ ఇంకా పచ్చబడనే లేదు. పొద్దున నేను ఆ మాత్రం కూడా ఆగలేదు. ఆ చెయ్యి పట్టుకుని మిషన్ మీద బలంగా నొక్కాను.

ఆమె నా వైపు చూసింది.

"గట్టిగ గుంజితే ఇంకింత బిగవడతది సార్. జరసేపు ఆగితే అదే ఇడుస్తది."

తల ఊపాను. పంజాగుట్టలో పిల్లను భుజానికెత్తుకుని దిగబోతూ, మామూలుగానే అడిగింది.

"రేపు సుత కౌంటర్ల మీరే ఉంటరు కద సార్?"

ఉంటానన్నాను. మాస్కు మాత్రం తీయలేకపోయాను.