నాలుగో పేరాలో తప్పు

2022 జూన్. వేసవి సెలవుల తర్వాత సివిల్ కోర్టులు తెరిచిన వారం. ఏలూరు కోర్టు ఆవరణలో మా వకీళ్ల వరండా జనంతో కిటకిటలాడుతోంది. నేను తాడేపల్లిగూడెం మనిషిని. పాతికేళ్లకు పైగా పొద్దున్నే రైలెక్కి ఏలూరు వచ్చి, సాయంత్రం రైల్లో ఇంటికి పోతున్నాను. నాకు కోపం ముక్కు మీదే ఉంటుంది. కావాలంటే మా ఆయన్ని అడగండి, మా గుమస్తాని అడగండి, ఇద్దరు ముగ్గురు జడ్జిగార్లు కూడా సాక్ష్యం చెబుతారు.

నా పనిలో ఎక్కువ భాగం ఎం.వి.ఓ.పి.లు. అంటే రోడ్డు ప్రమాదంలో దెబ్బతిన్నవాళ్లు ఇన్సూరెన్సు కంపెనీల మీద వేసే నష్టపరిహారం కేసులు. మా ఊళ్ల మీదుగా జాతీయ రహదారి, దాని మీద ఆకివీడు నుంచి వచ్చే చేపల లారీలు. ఇక కేసులకేం కొదవ? రాసి రాసి కొన్ని పేరాలు నాకు కంఠతా వచ్చేశాయి. పేరు, వయసు, విరిగిన ఎముక మారిస్తే చాలు, కాగితం తయారు. ఆ అలవాటే ఈ కేసులో నా కొంప ముంచబోయింది.

ఆ వారంలోనే ఉచిత న్యాయసహాయం ప్యానెల్ నుంచి నాకొక కేసు అప్పగించారు. దెందులూరు దగ్గరి పల్లె నుంచి ఒక తండ్రి, కూతురు వచ్చారు. తండ్రి పేరు దానియేలు. కొల్లేరు వైపు చేపల చెరువుల్లో పడవ మీద తిరుగుతూ చేపలకు మేత వేస్తాడు. కూతురు కెజియాకు పదమూడేళ్లు. కూర్చోమన్నా కూర్చోకుండా, కుడిచేతిని చున్నీలో చుట్టుకుని నిలబడింది.

కెజియా తను చదివే ప్రైవేటు స్కూల్లో ఖోఖో జట్టు కెప్టెన్. ఖోఖో మైదానానికి రెండు చివరలా రెండు స్తంభాలుంటాయి. తరుముతూ పరిగెత్తేవాళ్లు ఆ స్తంభాన్ని చేత్తో పట్టుకుని గిర్రున తిరిగి వెనక్కి మళ్లుతారు. అందుకే అవి నున్నటి కర్రవై ఉండాలి. ఆ స్కూల్లో ఒక కర్ర పుచ్చిపోతే, అడ్మిషన్ల ఫ్లెక్సీ కట్టిన పాత ఇనప పైపును కోసి దాని స్థానంలో పాతారు. ఫ్లెక్సీ తీగ కట్టడానికి వెల్డింగ్ చేసిన కొక్కెం దానికి అలాగే ఉండిపోయింది. పిల్లలు రెండుసార్లు చెప్పారట. చూద్దాంలే అన్నారట.

ఒక సాయంత్రం ప్రాక్టీసులో కెజియా ఆ పైపు పట్టుకుని తిరగబోతే, కొక్కెం కుడి మణికట్టును చీరేసింది. స్కూలువాళ్లు పక్కనున్న ఆర్.ఎం.పి. చేత కుట్లు వేయించి, చిన్న దెబ్బేనని ఇంటికి పంపేశారు. లోపల మీడియన్ నర్వ్ తెగిందన్న సంగతి మూడు వారాలకు గానీ బయటపడలేదు. బొటనవేలు మిగతా వేళ్లకు ఎదురుగా వచ్చి వస్తువును పట్టుకోవాలన్నా, ఆ వేలికీ దాని పక్క రెండు వేళ్లకూ స్పర్శ తెలియాలన్నా ఆ నరమే దిక్కు.

విజయవాడలో ఆపరేషన్ చేసి నరం కలిపారు. ఫలితం అంతంతమాత్రం. టెండన్ ట్రాన్స్‌ఫర్ అని ఇంకో ఆపరేషన్ ఉందన్నారు. బాగా పనిచేస్తున్న వేలి టెండన్‌ను, అంటే కండను ఎముకకు కలిపే తాడులాంటి తంతువును, మళ్లించి బొటనవేలికి కలుపుతారు. అప్పుడు బొటనవేలు కదిలి పట్టు వస్తుంది. కానీ వేళ్లు బిగుసుకుపోకముందే చేయించాలి, తర్వాత ఫిజియోథెరపీ కోసం నెలల తరబడి విజయవాడలోనే మకాం పెట్టాలి. వాళ్లకున్నదంతా మొదటి ఆపరేషన్‌కే ఊడ్చుకుపోయింది. కేసు గెలిస్తేనే రెండోది.

ఈలోగా స్కూలు కరస్పాండెంటు, దానియేలు వాళ్ల చర్చి పెద్దల చేత కబురు పెట్టించాడు. మందుల ఖర్చు కింద కొంత ఇస్తాడట, ఇక మీదట ఏ క్లెయిమూ లేదని సంతకం పెట్టాలట.

"పోనీ తీసేసుకుందావాండీ?" అన్నాడు దానియేలు మెల్లగా. "పెద్దోళ్లతో మనకి గొడవెందుకండీ?"

నాకు చిర్రెత్తింది. "చెయ్యి పోయింది పెద్దవాళ్లదా, మీ అమ్మాయిదా? ఆ కాగితం మీద సంతకం పెడితే ఇక నా గుమ్మం తొక్కకండి."

"ఆయ్, అలాగేనండి. మీరెలా చెబితే అలాగేనండి."

సీనియర్ సివిల్ జడ్జి కోర్టులో నష్టపరిహారం దావా వేశాను. ప్లెయింటు, అంటే దావా పత్రం, రాయడానికి గంట కూడా పట్టలేదు. నా కంఠతా పేరాలు ఉన్నాయి కదా! నాలుగో పేరాలో ఎప్పుడూ రాసే ఇంగ్లీషు వాక్యాన్నే దించేశాను. తెలుగులో చెప్పాలంటే, ఈమె కుడిచెయ్యి పూర్తిగా నిరుపయోగమైపోయింది, ఈమె ఏ పనికీ పనికిరాకుండా జీవితాంతం ఇతరుల మీద ఆధారపడాల్సి వచ్చింది అని. ఎముక విరిగిన ప్రతివాడికీ రాసిన వాక్యమే అది.

కేసు విచారణకు వచ్చేసరికి రెండో వేసవి కూడా దాటింది. కెజియా ప్రభుత్వ హైస్కూలుకు మారింది. వాళ్లమ్మ సువార్త రోజూ కొబ్బరినూనె రాసి, ఆ వేళ్లను ఒక్కొక్కటీ చాపి వంచుతూ బిగుసుకోకుండా కాపాడుకొచ్చింది. ఆ మాట విన్నప్పుడల్లా నాకు గాభరా పుట్టేది. ఆ తల్లి ఎన్నాళ్లని కాపాడుతుంది?

తండ్రి సాక్ష్యం అయిపోయాక కెజియా వంతు వచ్చింది. మా పద్ధతిలో సాక్షి చెప్పదలచిందంతా ముందే కాగితం మీద రాసి, ప్రమాణం చేసి ఇవ్వాలి. దాన్ని చీఫ్ అఫిడవిట్ అంటాం. చివర్లో ఒక వాక్యం తప్పనిసరిగా ఉంటుంది, పై విషయాలు తెలుగులో చదివి వినిపించగా విని, సరైనవని ఒప్పుకుని సంతకం చేశానని. నిజం చెప్పొద్దూ, చదివి వినిపించేది ఎవరు? "ఇక్కడ, ఇక్కడ, వెనకాల కూడా" అని వేలు పెట్టి చూపిస్తాం, వాళ్లు పెడతారు.

ఆ సాయంత్రం నా రైలుకు ముప్పావుగంట ఉంది. మా గుమస్తా సత్యంగారు టైపు చేసిన అఫిడవిట్ కెజియా ముందు పెట్టి పెన్ను ఇచ్చారు. ఆ పిల్ల పెన్ను పక్కన పెట్టి, మొదటి పేజీ నుంచి చదవడం మొదలెట్టింది. ఇంగ్లీషు మీడియం పిల్ల మరి. నేను గడియారం చూసుకుంటున్నాను.

"మేడమండీ, నాలుగో పేరాలో తప్పుందండి."

"స్పెల్లింగా? సత్యంగారూ, చూడండి కాస్త."

"స్పెల్లింగు కాదండి. నా చెయ్యి దేనికీ పనికిరాదని, నేను ఏ పనీ చేసుకోలేనని రాశారండి. నేను అన్నీ చేసుకుంటున్నానండి."

"అది కోర్టు భాష అమ్మా. అలాగే రాస్తారు."

"ప్రమాణం చేసి చెప్పాలి కదండీ. లేనిది ఎలా చెప్పనండి?"

దానియేలు కంగారుపడ్డాడు. "ఊరుకోవే, మేడంగారికి తెలీదేంటి? పెట్టెయ్ సంతకం."

నాకు కోపం వచ్చేసింది. "అయితే చెయ్యి బంగారంలా ఉందని రాయించమంటావా? ఎంచక్కా కేసు కొట్టేస్తారు, ఆపరేషనూ ఉండదు. నీకోసం కాకపోతే ఇదంతా ఎవరికోసం?" అన్నాను. అనకూడని మాటే. ఆ పిల్ల కళ్లలో నీళ్లు తిరిగాయి, కానీ పెన్ను మాత్రం ముట్టుకోలేదు.

"పనికిరానిదాన్నని నేను సంతకం పెట్టనండి" అంది.

సత్యంగారు నా వైపు చూశారు. ముప్ఫయ్యేళ్లుగా టైపు చేస్తున్న మనిషి, కొత్త కాగితం తీశారు. నేను కుర్చీ ముందుకు లాక్కున్నాను. "సరే తల్లీ, ఏం చేయగలవో, ఏం చేయలేవో నువ్వే చెప్పు."

చెప్పింది. ఎడమచేత్తో రాస్తుంది. సైకిలు తొక్కుతుంది, కుడి అరచెయ్యి హ్యాండిల్ మీద ఆనిస్తుందంతే. బిందె నడుం మీద పెట్టి తేగలదు. జడ వేసుకోలేదు, అమ్మ వేస్తుంది. సీసా మూత తిప్పలేదు. బొత్తాం పెట్టుకోలేదు. ఒకసారి పెనం మీద వేళ్లు ఆనితే, కమురు వాసన వచ్చాక గానీ కాలుతున్నట్టు తెలియలేదు. కొత్త స్కూల్లో పిల్లలు ఖోఖోకు పిలిస్తే ఒకరోజు వెళ్లిందట.

"ఖో ఇచ్చేటప్పుడు ముందు కూర్చున్న అమ్మాయి వీపు తట్టాలి కదండీ. నా చెయ్యి తగిలిందో లేదో నాకు తెలీలేదండి. అందుకని వచ్చేశానండి."

ఇన్నేళ్లలో ఏ కక్షిదారూ నాకు ఇలా చెప్పలేదు. చెప్పలేదనడం కూడా తప్పే, నేను అడగలేదు. అది అలాగే రాయించాను. చీకటి పడే వేళకు కెజియా, ఈసారి తెలుగులో ప్రతి వాక్యం చెప్పించుకుని, తండ్రికి కూడా వినిపించమని, అప్పుడు ఎడమచేత్తో చక్కగా సంతకం చేసింది. నా రైలు ఎప్పుడో వెళ్లిపోయింది.

అయితే కోర్టులో దాఖలైన ప్లెయింటులో పాత వాక్యం అలాగే ఉంది. దాన్ని సవరించాలంటే మళ్లీ పిటిషను, మళ్లీ వాయిదాలు. చూద్దాంలే అనుకున్నాను. స్కూలువాళ్లన్న మాటే నేనూ అన్నానని తర్వాత తట్టింది.

స్కూలు తరఫు వకీలు జిల్లాలో పేరున్న సీనియరు. మనిషి మర్యాదస్తుడు, క్రాస్‌లో మాత్రం, అంటే అవతలి సాక్షిని ప్రశ్నించేటప్పుడు, పట్టిన పట్టు వదలడు. ఆ రోజు ఒక ఫొటో పట్టుకొచ్చాడు.

"సైకిలు మీద ఉన్నది నువ్వేనా అమ్మా?"

"నేనేనండి. వెనకాల కూర్చున్నది మా చెల్లండి."

"ఎడమచేత్తో పరీక్షలు రాసి పాసయ్యావట?"

"పాసవడమే కాదండి, క్లాసులో సెకండ్ వచ్చానండి."

హాల్లో నవ్వులు. ఆయన కూడా నవ్వి, ప్లెయింటు తీశాడు. నాలుగో పేరా దగ్గర వేలు పెట్టాడు.

"ఇందులో ఏ పనికీ పనికిరావని ఉంది. అఫిడవిట్లో సైకిలు తొక్కుతానని ఉంది. ఏది నిజం?"

"రెండోదండి. మొదటిది మేడంగారు రాశారండి. నేను చదవలేదండి. చదివుంటే ఒప్పుకునేదాన్ని కాదండి."

ఈసారి హాలంతా ఘొల్లుమంది. జడ్జిగారు పెదవి బిగించుకుని కాగితాల్లోకి తల దించారు. నాకు తల ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు. పాతికేళ్ల ప్రాక్టీసులో నా కక్షిదారే బోనులో నిలబడి నా పరువు తీసిందని సాయంత్రానికి బార్ రూమంతా పాకిపోయింది లెండి.

ఆయనకు ధైర్యం వచ్చింది. ప్లెయింటు అబద్ధమైతే మిగతాదీ నేర్పిన మాటే అనుకున్నాడు కాబోలు. ఆయన స్థానంలో ఉంటే నేనూ అలాగే అనుకునేదాన్ని. జడ్జిగారి అనుమతి తీసుకుని బోను దగ్గరికి వెళ్లాడు.

"వేళ్లకు స్పర్శ తెలియదన్నావు కదా. కళ్లు మూసుకుని చెయ్యి చాపమ్మా. నేనొకటి పెడతాను, అదేమిటో చెప్పాలి."

కెజియా కళ్లు మూసుకుని కుడిచెయ్యి చాపింది. ఆయన తన పెన్ను మూత తీసి, ఆ చూపుడువేలు, మధ్యవేలు మీద అడ్డంగా పెట్టి వెనక్కి తగ్గాడు. ఫ్యాను తిరుగుతోంది.

"చెప్పమ్మా" అన్నాడాయన.

కెజియా కళ్లు తెరవలేదు. చెయ్యి ఇంకాస్త ముందుకు చాపింది.

"పెట్టండి మరి" అంది.

ఆయన ఆ మూతను నెమ్మదిగా తీసుకుని, "ఇక ప్రశ్నలు లేవు సర్" అన్నాడు. జరిగింది జరిగినట్టు జడ్జిగారు స్టెనోకు చెప్పి రాయించారు. కాగితాల్లోకి తల దించడం ఈసారి నా వంతయింది. కళ్లు తుడుచుకోవడం ఎవరూ చూడకూడదని.

తీర్పు మాకు అనుకూలంగా వచ్చింది. ఆటల్లో దెబ్బలకు స్కూలు బాధ్యత లేదని తల్లిదండ్రులు అడ్మిషను ఫారం మీద పెట్టిన సంతకం, మైదానంలో ఇనప కొక్కేన్ని వదిలేసిన నిర్లక్ష్యానికి మాఫీ కాదన్నారు. ఆపరేషన్‌కు, ఆ తర్వాతి చికిత్సకు, చెయ్యి మూలంగా ముందు ముందు కోల్పోయేదానికి విడివిడిగా ఇప్పించారు. ఈ అమ్మాయి చేయగలిగినవాటిని దాచలేదు కాబట్టి, చేయలేనని చెప్పినవాటిని నమ్ముతున్నానని రాశారు. స్కూలువాళ్లు అప్పీలుకు పోలేదు.

ఈ కేసు నాకేం నేర్పిందంటే చెప్పడానికి సిగ్గుగానే ఉంటుంది. దెబ్బతిన్న మనిషిని కాగితం మీద ఇంకాస్త దెబ్బతీస్తేనే పరిహారం వస్తుందని నేను నమ్మాను. ఎంతమంది చేత, వాళ్లు పనికిరానివాళ్లని సంతకం పెట్టించుకున్నానో లెక్క లేదు. వాళ్లలో చదవడం వచ్చినవాళ్లు ఇంటికెళ్లి ఆ కాగితం చదువుకునే ఉంటారు. ఇప్పుడు ఏ అఫిడవిట్టయినా అక్షరం వదలకుండా చదివి వినిపిస్తున్నాను. టైము పడుతుంది, కక్షిదారులు విసుక్కుంటారు, విసుక్కోనివ్వండి.

ఆపరేషన్ సకాలంలోనే అయింది. ఆ తర్వాత కొన్ని నెలలకు కెజియా వాళ్ల నాన్నతో కలిసి నా ఆఫీసుకు వచ్చింది. బొటనవేలిని చిటికెనవేలి దాకా తెచ్చి చూపించింది. నా బల్ల మీద గ్లాసు పట్టుకుని మంచినీళ్లు తాగింది. దానియేలు ఆ గ్లాసు వంకే చూస్తూ కూర్చున్నాడు.

"స్పర్శ ఏమైనా తెలుస్తోందా తల్లీ?" అని అడిగాను.

"లేదండి. డాక్టరుగారు ఇక రాదేమోనన్నారండి."

వస్తుందిలే అమ్మా, నీకేం భయం లేదు అనబోయాను. నాలుక చివరిదాకా వచ్చింది. ఆ పిల్ల నా ముఖంలోకి చూస్తోంది.

"అవునమ్మా," అన్నాను. "రాకపోవచ్చు."

కెజియా తలూపి, గ్లాసులో మిగిలిన నీళ్లు తాగింది.