జెన్నీ రాయి దగ్గర పట్టని చేపలు

ఏప్రిల్ మూడో వారంలో పెక్‌హామ్ దారికి అడ్డంగా మూడు బండరాళ్ళు వచ్చి పడ్డాయి. పక్కనే తెల్లటి పలక: సొంత స్థలం, లోపలికి రాకూడదు. రోడ్డు నుంచి నీటి దాకా రెండు కంచెల మధ్య నూట నలభై అడుగులు సాగే ఆ సందు, పక్క ఇంటిని కొత్తగా కొన్న ఆసామీ దృష్టిలో ఆయన పెరడు.

ఇడలీనా రెజెండెస్ ఆ ఉదయం ఐదింటికి తన కయాక్‌ను, ఒక్కరు కూర్చుని తెడ్డు వేసుకునే సన్న పడవను, రెండు చక్రాల బండి మీద లాక్కుంటూ అక్కడికి వచ్చి, రాళ్ళను చూసి ఒక్క క్షణం ఆగింది. తర్వాత కయాక్‌ను వాటి మీదుగా అవతలికి జరిపి, తానూ ఎక్కి దిగి, మామూలుగా నీళ్ళలోకి వెళ్ళిపోయింది. ఆమెకు యాభై ఏడేళ్ళు. ఏడున్నరకల్లా బడి వంటగదిలో ఉండాలి. నాలుగు వందల మంది పిల్లలకు మధ్యాహ్న భోజనం వండే మనిషి. చేపల కోసం ఆమెకు దొరికేది ఆ రెండు గంటలే. ఊరి రేవు నుంచి బయలుదేరితే ఎదురుగాలిలో తెడ్డు వేసుకుంటూ, చేపలుండే నీటి అడుగు దిబ్బలు చేరడానికే గంటన్నర పడుతుంది. కాబట్టి పెక్‌హామ్ దారి మూసుకుపోవడమంటే ఆమెకు వసంతకాలం మొత్తం మూసుకుపోవడమే.

నేను ఆ ఏడాది మా ఊరి చరిత్ర సంఘం తరఫున తీరపు దారుల మీద వాంగ్మూలాలు సేకరిస్తున్నాను. దారుల కమిటీ ముందు మే రెండో శనివారం విచారణ ఉంది. కమిటీకి కావలసింది ఒక్కటే: జనం ఆ దారిన కనీసం పదేళ్ళుగా, బాహాటంగా, ఎవరి అనుమతీ అడగకుండా నడిచారనే రుజువు. కయాక్‌లున్న పద్నాలుగు మందిని నేను విడివిడిగా కలిశాను. ఆ దారి ఎక్కడుందో తమకు తెలియనే తెలియదని పదమూడు మంది చెప్పారు. వారిలో ఏడుగురి కార్ల వెనక తడి ఇసుక ఉంది.

పద్నాలుగో మనిషి ఇడలీనా. ఆమె మాత్రం సొరుగు తీసి నా ముందు ఇరవై రెండు నోటుపుస్తకాలు పెట్టింది, వసంతానికి ఒకటి చొప్పున. తేదీ, గాలి, నీటి వేడి, ఆటుపోట్లు, చోటు, చేపలు. ఆమె వెళ్ళిన ఒక్క ఉదయం కూడా తప్పిపోలేదు. నా వృత్తిలో ఇలాంటి ఆధారం జీవితంలో ఒకసారి దొరుకుతుంది. ఆశగా తెరిచాను. మొదటి పేజీలో చోటు దగ్గర జెన్నీ రాయి అని ఉంది. రెండో పేజీలోనూ అంతే. జెన్నీ రాయి ఊరికి అవతలి వైపున ఉంది.

"ఇదేమిటి ఇడలీనా గారూ, అంతా జెన్నీ రాయి అని రాశారు?"

"మరి మా బావ చదవడూ?"

"మీ పుస్తకం ఆయనెందుకు చదువుతారు?"

"ప్రతి ఆదివారం మా అక్కతో కలిసి భోజనానికొస్తాడమ్మా. నేను సూప్ వేడి చేద్దామని అటు తిరిగితే చాలు, సొరుగు తీసేస్తాడు. తీస్తాడని తెలిసే రాశాను."

మా తీరంలో ఇది తప్పు కాదు, మర్యాద. ఎన్ని పట్టావంటే నిజం చెబుతారు, దేనితో పట్టావంటే సగం చెబుతారు, ఎక్కడ పట్టావంటే మాత్రం తోడబుట్టినవాళ్ళకు కూడా చెప్పరు. ఆ పదమూడు మందీ నాకు అబద్ధం చెప్పింది ఆ అలవాటుతోనే. తమ నోరు తామే కట్టేసుకుని, దారిని రాళ్ళకు అప్పగిస్తున్నామని వాళ్ళకు తోచలేదు.

పుస్తకాలు సమర్పిస్తే ఎదుటి వకీలు కూడా చూస్తాడని హెచ్చరించాను.

"చూడనీ," అంది ఇడలీనా. "నాకున్న కాగితం ఇదొక్కటే. ఇచ్చెయ్."

విచారణలోగా రెండు సెలవు రోజుల్లో, మరో కయాక్‌లో, ఊరి రేవు నుంచి ఆమె వెంట వెళ్ళాను; తన అసలు చోటికి మాత్రం తీసుకెళ్ళలేదు. ఆమె పద్ధతిలో హడావిడి లేదు. మూరెడు పొడవున్న ఎర్ర రబ్బరు గొట్టం, దాని చివర కొక్కేనికి ఒక సముద్రపు పురుగు. దాన్ని కయాక్ వెనక వదిలి, నడిచే మనిషి కన్నా నెమ్మదిగా తెడ్డు వేస్తుంది. చారల బాస్ చేప పట్టుకుంటే గాలం కర్ర బరువుగా వంగుతుంది, బ్లూఫిష్ పట్టుకుంటే కొట్టినట్టు అదురుతుంది. బ్లూఫిష్ పళ్ళకు దారం తెగుతుంది కనుక కొక్కేనికి ముందు జానెడు ఉక్కు తీగ కడుతుంది. బ్లూఫిష్‌ను అక్కడికక్కడే కోసి, నెత్తురు కారనిచ్చి, మంచు సంచిలో వేస్తుంది. ఆలస్యమైతే మాంసం చేదెక్కుతుంది. బాస్‌ను పడవలో అతికించిన కొలబద్ద మీద పడుకోబెడుతుంది. ఇరవై ఎనిమిది అంగుళాలకు తక్కువైనా, ముప్పై ఒకటి నిండినా చట్ట ప్రకారం నీళ్ళలోకే. మొదటి రోజు ముప్పై ఆరు అంగుళాల చేపను తోక పట్టుకుని నీళ్ళలో ముందుకూ వెనక్కూ ఆడించి వదిలేసింది.

"పో తల్లీ," అంది దాంతో. "నీ పిల్లల్ని పంపించు, సరిపోయే సైజులో."

శనివారం ఉదయం పదింటికి గ్రంథాలయం గది నిండిపోయింది. కమిటీ అధ్యక్షురాలు విన్‌ఫ్రెడ్ ఆల్మీ, అదే గ్రంథాలయంలో ముప్పై ఏళ్ళు పనిచేసి దిగిపోయినావిడ. కయాక్‌ల వాళ్ళంతా వెనక వరసల్లో టోపీలు ఒళ్ళో పెట్టుకుని, ఒకరినొకరు ఎరగనట్టు కూర్చున్నారు. మూడో వరసలో ఇడలీనా బావ నార్బెర్టో, రిటైరైన ప్లంబరు.

ఆ ఇంటి యజమాని తరఫు వకీలు లేచి పుస్తకాల మీద చెయ్యి వేశాడు. "ఈమె చేతిరాత ప్రకారమే ఈమె ఇరవై రెండేళ్ళుగా చేపలు పట్టింది జెన్నీ రాయి దగ్గర. పెక్‌హామ్ దారి పేరు ఒక్కచోట కూడా లేదు."

"అబద్ధం రాశాను," అంది ఇడలీనా.

"అంటే ఈ పుస్తకాలు అబద్ధమని ఒప్పుకుంటున్నారు."

"చోటొక్కటే అబద్ధం. మిగతాదంతా నిజం. మీకిష్టమైన రోజు తీసి చదవండి."

వకీలు తీశాడు. "రెండువేల తొమ్మిది, మే పన్నెండు. నైరుతి గాలి. నీళ్ళు యాభై నాలుగు డిగ్రీల ఫారెన్‌హీట్. ఆటు మొదలై మూడు గంటలు. జెన్నీ రాయి. బాస్ నాలుగు, బ్లూఫిష్ రెండు."

వెనక ఎవరో నవ్వు ఆపుకోలేక దగ్గారు.

"ఇంకో రోజు చదవండి," అంది ఇడలీనా. ఇంకోటి చదివాడు. మళ్ళీ ఆటు, మూడో గంట. మూడోదీ అంతే.

"ఆల్మీ గారూ, సగం ఆటుకి జెన్నీ రాయి దగ్గర కయాక్ తేలుతుందా?"

"తేలదు," అంది ఆల్మీ. "నేనక్కడ బూట్లేసుకుని ఆల్చిప్పలు ఏరేదాన్ని. పాదం తడిస్తే గొప్ప."

"మా బావ కోసం చోటు మార్చాను. ఆటు కూడా మార్చేస్తే మరుసటేడు నేను దేన్ని చూసుకుని వెళ్ళాలి?"

ఆల్మీ పాత ఆటుపోట్ల పట్టికలు తెప్పించి ఆరు తేదీలు సరిచూసింది. ఆరూ సరిపోయాయి. అప్పుడు కళ్ళజోడు తీసి, ఆమె అడగక తప్పని ప్రశ్న అడిగింది. "అయితే అసలు చోటేది, ఇడలీనా?"

 ఇడలీనా వెనక్కి తిరిగి చూసింది. పదమూడు తలలు ముందుకు వంగి ఉన్నాయి. ఆ ఇరవై రెండేళ్ళలో చనిపోయిన భర్తకు కూడా ఆమె ఆ మాట చెప్పలేదు.

"పెక్‌హామ్ దారిన దిగి ఎడమకి," అంది, గొంతు తగ్గించకుండా. "రెండు దిబ్బల మధ్య సందు. ఆటు నీళ్ళు అక్కడ ఇరుకైపోయి పరుగెడతాయి. పోగీలనే చిన్న చేపల మంద ఆ విసురుకి నిలవలేదు. వాటి కోసం బాస్ అడుగున కాచుక్కూర్చుంటుంది. రాసుకోండి, ఫర్వాలేదు."

వకీలు తేరుకున్నాడు. "ఒకే ఒక్క మనిషి, అదీ రహస్యంగా. దీన్ని ప్రజల దారి అనలేం."

"ఒక్క మనిషి కాదు," అంటూ నార్బెర్టో లేచాడు. ముఖం కందిపోయి ఉంది. "ఈ మహాతల్లి పుస్తకం నమ్మి నేను రెండువేల ఆరులో ఏప్రిల్, మే రెండు నెలలు జెన్నీ రాయి దగ్గర కూర్చున్నాను. పట్టింది ఒక పీత. ఆ తర్వాతేడు ఈవిడ కారు వెంట వెళ్ళాను. అప్పట్నించీ నేనూ ఆ దారే."

"బావా! అన్నేళ్ళుగానా?"

"నువ్వు ఐదింటికి, నేను ఐదున్నరకి. నువ్వు వెనక్కొచ్చే వేళకి దక్షిణం దిబ్బ చాటుకి పోతాను."

"ఆదివారం నా సూప్ తాగుతూ చేపల్లేవు చేపల్లేవు అని ఏడ్చావు కదయ్యా!"

"నువ్వు మాత్రం జెన్నీ రాయి దగ్గర బాగున్నాయి బావా అనలేదూ?"

ఆ నవ్వుల్లోనే వెనక ఇంకొకరు లేచారు, తర్వాత ఇద్దరు. "లేచేవాళ్ళు పేర్లు చెప్పి లేవండి," అని ఆల్మీ బల్ల కొట్టాల్సి వచ్చింది. నేను లెక్కపెట్టాను: నార్బెర్టోతో కలిపి, ఆ పదమూడు మందిలో పదకొండు మంది.

"అందరూ దొంగచాటుగానే వెళ్ళారన్నమాట," అన్నాడు వకీలు.

"ఒకళ్ళకొకళ్ళం కనపడకుండా వెళ్ళాం," అంది ఇడలీనా. "ఆ ఇంటికి కాదు. వంటగది కిటికీ ముందునుంచే పడవ ఈడ్చుకెళ్ళాం. అప్పుడా ఇంట్లో ఉన్న పెద్ద పెక్‌హామ్ గారు పోయేదాకా కాఫీ కప్పుతోనే చెయ్యి ఊపేవారు."

"ఆయన అనుమతి తీసుకున్నారా?"

"దారిన నడవడానికి అనుమతి ఏంటండీ?"

ఆ సమాధానాన్ని నేను అక్షరం మార్చకుండా నివేదికలో చేర్చాను. అది ప్రజల దారేనని కమిటీ ఐదుగురూ ఒకే మాట మీద నిలిచారు. తర్వాతి గురువారం ఊరి క్రేను వచ్చి బండరాళ్ళను తీసుకెళ్ళింది.

శుక్రవారం ఉదయం ఐదింటికి పెక్‌హామ్ దారిలో తొమ్మిది కయాక్‌లు వరసలో ఉన్నాయి. ఇడలీనా తన వంతు కోసం నిలబడటం అదే మొదటిసారి. ఎవరో తీపి రొట్టె పంచారు, ఎవరో కాఫీ కలిపిన చల్లటి పాలు పోశారు. నీళ్ళలోకి దిగగానే ఎనిమిది పడవలూ సందు మీద పడ్డాయి. ఆమె కాసేపు దూరంగా ఆగి, పిట్టలు వాలుతున్న వైపు చూసింది. నార్బెర్టో తన పడవను పక్కకు తెచ్చాడు.

"ఏం మరదలా, సందులో ఇంతమందికి చోటు లేదు. నువ్వెటు?"

"ఉత్తరం దిబ్బ అవతలికి బావా. పదిహేనడుగుల లోతుంది. మంద ఇవాళ అటు తిరిగింది. గొట్టం బాగా నెమ్మదిగా లాగు."

అతను ఆమె ముఖంలోకి చాలాసేపు చూశాడు. తర్వాత తెడ్డుతో నీళ్ళు చరిచి నవ్వాడు.

"ఇరవై రెండేళ్ళు చాల్లేదా తల్లీ నీకు?" అని సూటిగా దక్షిణానికి వెళ్ళిపోయాడు. అతనికేదో తెలుసనుకుని మరో ముగ్గురు అతని వెంట పడ్డారు.

ఇడలీనా ఒక్కతే ఉత్తరానికి వెళ్ళింది. ఆరుంబావుకు ఆమె కర్ర వంగింది. చేప కొలబద్ద మీద ముప్పై అంగుళాల దగ్గర ఆగింది. దాన్ని రెండు చేతులతో పైకెత్తి దక్షిణం వైపు గట్టిగా అరిచింది.

"బావా! నిజమే చెప్పానయ్యా!"

చాలా దూరం నుంచి నార్బెర్టో, నన్ను మళ్ళీ మోసం చెయ్యలేవన్నట్టు చెయ్యి ఊపి, ఇంకా అవతలికి తెడ్డు వేశాడు.