ఎర్రయ్య గొంతు

2023 వేసవి. విజయనగరంలో నాది పాత ఫిల్ములను కంప్యూటర్‌లోకి ఎక్కించే చిన్న స్టూడియో. మా వంశం తెలిసినవాళ్లు ఈ పని నాకు తగదంటారు. ఊళ్లూ తోటలూ ఏలిన ఇంటి నుంచి నాకు దక్కినవి మా తాతగారి కెమెరా, ఆయన తీసిన రీళ్లు. వాటితోనే బతుకుతున్నాను. ఎవరి ముందూ చేయి చాచలేదు.

ఆయనవన్నీ 8ఎంఎం రీళ్లు. ఇళ్లలో వాడిన సన్నటి ఫిల్ము, అందులో శబ్దం ఉండదు. స్కానింగ్ అంటే ఒక్కో ఫ్రేమును, అంటే ఒక్కో బొమ్మను, విడిగా ఫొటో తీయడం. తర్వాత పాత వేగానికే ఆడించాలి. ఇప్పటి వేగంతో ఆడిస్తే మనుషులు కోడిపిల్లల్లా పరిగెడతారు. మూకీ అంటే జనానికి నవ్వులాట అయింది అందుకే.

ఆ వేసవిలో కళింగపట్నం నుంచి పోలిరాజు అనే రొయ్యల వ్యాపారి తన తల్లి నూకాలమ్మను తీసుకుని వచ్చాడు. అతను కడుపులో ఉండగానే తండ్రి ఎర్రయ్య వేటకెళ్లి సముద్రంలో పోయాడు. ఎర్రయ్య పడవ తోస్తుండగా మా తాతగారు ఫిల్ము తీశారని ఊళ్లో విన్నాడట. రీలు వెతికి, స్కాన్ చేసి, గోడ మీద ఆడించాను.

కుర్చీ వేసినా నూకాలమ్మ నేల మీదే కూర్చుంది. మా ముత్తాత కాలంలో మూకీ ఆడేటప్పుడు తెర పక్కన ఒకాయన నిలబడి కథ చెప్పేవాడట. ఆమె అలాగే అందుకుంది.

"ఆ ఎనకున్నోడు మా మరిది. తొయ్యడు, అరుస్తాడంతే." ఎర్రయ్య ఇటు తిరిగి పెదవులు కదిపాడు. "ఇది నన్నే. కెమేరా పక్కన నిలబడి సూస్తన్నాను గదా. 'ఎండలో ఏటే, ఇంటికెల్లి కూకో' అంతన్నాడు. నానెల్లనేదు."

"ఇన్నేళ్లయినా ఆ మాటలు గుర్తున్నాయా అమ్మా?"

"గుర్తేటి బాబూ, ఇనబడతన్నాది గదా."

పోలిరాజు గోడకేసి చూస్తూ అన్నాడు: "నాకు ఇనబడదు గదమ్మా." తర్వాత నా వైపు తిరిగాడు. "బాబుగారూ, దీనికి గొంతు పెట్టండి. ఇప్పుడు కంప్యూటర్ సేస్తాది గదా."

"చేస్తుంది. నేను చేయను. అది పెట్టేది మీ నాన్న గొంతు కాదు."

"రాజ్యాలు పోనా రాజసం పోనేదు మీకు," అని నవ్వాడు. "మీరు సెయ్యకపోతే నా ఫోనే సేస్తాది."

ఫైలు ఇచ్చేశాను. వాదించడం మా ఇంట అలవాటు లేదు.

అతని కొత్త ఇంటి గృహప్రవేశానికి పిలిస్తే వెళ్లాను. పందిట్లో పెద్ద ఎల్‌ఈడీ తెర. ఎర్రయ్యకు రంగులు పులిమారు, వెనక అలల హోరు పెట్టారు. అతను ఇటు తిరిగి, టీవీలో వార్తలు చదివేవాడి తెలుగులో, "బంధుమిత్రులందరికీ నమస్కారం. మా అబ్బాయిని ఆశీర్వదించండి" అన్నాడు. పెదవులు సరిగ్గా అతికాయి. కుర్రాళ్లు ఈలలు వేశారు. పోలిరాజు కళ్లు తుడుచుకున్నాడు. భోజనాలయ్యేదాకా అదే మళ్లీ మళ్లీ తిరిగింది. నూకాలమ్మ ముందు వరసలో కూర్చుని అన్నిసార్లూ చూసింది.

కొన్ని వారాల తర్వాత ఆమె ఒక్కతే బస్సెక్కి వచ్చింది.

"ఆ మాటనేని బొమ్మ ఎయ్యి బాబూ."

వేశాను. ఈసారి మరిదిని తిట్టలేదు. ఎర్రయ్య ఇటు తిరగగానే కళ్లు మూసుకుంది.

"ఏమంటున్నాడమ్మా?"

"నమస్కారం అంతన్నాడు," అంది. "మల్లీ ఎయ్యి."

మళ్లీ వేశాను. చివరికి చేయి అడ్డం పెట్టి ఆపమంది. "సముద్రం మనిసినే అట్టుకెల్లినాది బాబూ. గొంతు నా కాడే ఉండీది. ఇప్పుడదీ నేదు."

పోలిరాజుకు చెప్పనా అని అడిగాను.

"వొద్దు. తండ్రి గొంతు ఇన్నానని మురిసిపోతన్నాడు ఆడు."

ఫిల్ముకు బూజు పడితే తుడవగలను, తెగితే అతకగలను. మనిషి చెవిలో నిలిచిన గొంతు మీద ఇంకో గొంతు పడితే దాన్ని తీసే విద్య నాకు రాదు, ఏ యంత్రానికీ రాదు. మూకీ రీలు తెచ్చిన ప్రతివారినీ ఇప్పుడు ముందే అడుగుతున్నాను: ఈ మనిషి గొంతు ఎరిగినవాళ్లు మీ ఇంట్లో ఇంకా ఉన్నారా? ఉంటే ముందు వాళ్లను తీసుకురండి, బొమ్మ చూస్తూ వాళ్లు చెప్పేది వినండి అంటాను. చాలామంది మర్యాదగా తలూపి, గొంతు ఎప్పటికల్లా పెట్టిస్తారని అడుగుతారు.