అట్ట మీది పిన్ని

మా పిన్ని స్విచ్చుల ఫ్యాక్టరీలో పనిచేసేది. బిగించిన ప్రతి స్విచ్చునూ రెండుసార్లు నొక్కి చూడటం ఆమె పని. ఇంట్లో లైటు వేసినా రెండుసార్లు నొక్కేది. ఇదేమన్నా నీ ఫ్యాక్టరీయా అని బాబాయి వేళాకోళం చేస్తే, ఫ్యాక్టరీయే అయితే నిన్నెప్పుడో రిజెక్టు చేసి పక్కన పడేసేదాన్ని అనేది. అమ్మ పోయాక నన్ను పెంచింది ఆ నోరే. వీధి వీధంతా దానికి జడిసేది గానీ, ఆ తిట్లు వినకపోతే నాకు ముద్ద దిగేది కాదు.

ఆ స్విచ్చుల కంపెనీ మొదటిసారి జనానికి షేర్లు అమ్మడానికి సిద్ధమైంది. పబ్లిక్ ఇష్యూ అన్నమాట. కంపెనీ ఏం చేస్తుంది, జనం డబ్బుతో ఇంకేం చేయబోతుంది అని చెప్పే పుస్తకం ఒకటి వేస్తారు. దాని అట్ట కోసం ఒక ఫొటోగ్రాఫరు వచ్చి ఫ్యాక్టరీ అంతా కలియతిరిగి పిన్ని దగ్గర ఆగాడు. ఆ క్షణాన ఆమె పక్క మనిషిని ఏదో అని పకపకా నవ్వుతోంది. ఆ నవ్వే అట్టకెక్కింది. షేర్ల కోసం జనం ఎగబడ్డారు. మార్కెట్లోకి వచ్చిన రోజే ధర రెట్టింపయింది.

తర్వాత వాల్వుల కంపెనీ వంతు. దాని యజమాని బుర్రను ఏ పురుగు తొలిచిందో గానీ, తన అట్ట మీదా ఆ మనిషే ఉండాలని పట్టుబట్టాడు. తన దగ్గర అంతమంది ఆడవాళ్ళు పనిచేస్తుంటే, మా పిన్నికి తన యూనిఫాం తొడిగి, తన మిషను ముందు నిలబెట్టి ఫొటో తీయించాడు. ఆ షేరూ రెట్టింపయింది. ఇక చెప్పాలా? ఊళ్ళో ఏ కంపెనీ మార్కెట్టుకు వెళ్ళాలన్నా ముందు మా గుమ్మం తొక్కాల్సిందే. పిన్నికి బోణీ అక్క అని పేరు పడిపోయింది. పెద్ద పెద్ద చదువులు చదివి, టైలు కట్టుకున్నవాళ్ళు మా ఇంట్లో విరిగిన కుర్చీలో ఒద్దికగా కూర్చుని, మీ చెయ్యి పడాలమ్మా అని బతిమాలేవాళ్ళు.

మా ప్రాంతం పరుగులు పెడుతోందని పేపర్లు రాశాయి. ఒక ప్రాంతం ఎంత చురుగ్గా ఉందో తెలియాలంటే అక్కణ్ణుంచి కొత్తగా ఎన్ని కంపెనీలు మార్కెట్టుకు వస్తున్నాయో చూస్తే చాలట. ఆ లెక్కన మమ్మల్ని మించినవాళ్ళు లేరు. బస్సులో అదే మాట, మంగలి షాపులో అదే మాట. నాకూ గర్వంగానే ఉండేది, అబద్ధమెందుకు?

నేను మందుల షాపులో పనిచేస్తాను. ఒకరోజు వాల్వుల ఫ్యాక్టరీలో పనిచేసే ఒకావిడ దగ్గు మందుకు వచ్చి, నిన్న మీ పిన్ని మమ్మల్ని కడుపు చెక్కలయ్యేలా నవ్వించింది అంది. ఫొటో తీసిన రోజు తప్ప పిన్ని ఆ ఫ్యాక్టరీలో అడుగు పెట్టలేదు. పొరబడి ఉంటుందిలే అనుకున్నాను. ఇంకొన్నాళ్ళకు, అప్పుడే మార్కెట్టుకు వెళ్ళిన కేబుళ్ళ కంపెనీ వాచ్‌మన్ వచ్చి, పొద్దున గేటు దగ్గర మీ పిన్ని నాకు గడ్డి పెట్టిందమ్మా, టోపీ వంకరగా ఉందని, అని నవ్వాడు. ఆ పొద్దున పిన్ని నా కళ్ళెదుటే ఉంది. గోడకేసి చూస్తూ టీ తాగింది. ఒక్క మాట మాట్లాడలేదు.

అప్పుడు నాకు తట్టింది. ఒక్కో అట్ట పడేకొద్దీ ఇంట్లో పిన్ని తరిగిపోతోంది. ముందు వేళాకోళం పోయింది. బాబాయి ఎంత కవ్వించినా ఊఁ అని ఊరుకునేది. తర్వాత గిన్నెలు తోముతూ తీసే కూనిరాగం పోయింది. కేబుళ్ళ అట్ట తర్వాత నన్ను కసరడం కూడా మానేసింది. ఒకసారి కావాలనే వానలో తడిసి వచ్చి, తల తుడుచుకోకుండా ఆమె ఎదురుగా నిలబడ్డాను. తిట్టమని లోపల మొక్కుకుంటున్నాను. పిన్ని నన్ను చూసింది. గుడ్డ తెచ్చి నా కాళ్ళ చుట్టూ నేల తుడిచి వెళ్ళిపోయింది. 

డాక్టరు ఏ జబ్బూ లేదన్నాడు. బాబాయికి పిన్ని పుణ్యమా అని వాల్వుల కంపెనీ స్టోర్సులో ఉద్యోగం దొరికింది. వయసు మీద పడుతోంది, అలిసిపోయి ఉంటుంది అన్నాడాయన. అన్నాడే గానీ నా కళ్ళలోకి చూడలేదు.

అప్పుడొచ్చింది బ్యాటరీల కంపెనీ. దానికింకా ఫ్యాక్టరీ కూడా లేదు, ఖాళీ షెడ్డు తప్ప. ఇష్యూలో డబ్బు వస్తే మిషన్లు కొంటారట. ఆలూ లేదు చూలూ లేదు, అట్ట మాత్రం సిద్ధం. ఫొటోగ్రాఫరు కబురు పెట్టగానే నేను పిన్ని చెయ్యి పట్టుకున్నాను.

"వెళ్ళొద్దు పిన్నీ. ఈసారి నువ్వు నాకు మిగలవు."

"అంత పెద్ద షెడ్డు కట్టుకున్నారు. లోపల ఒక్క మనిషైనా లేకపోతే ఎట్లాగే?" అంది. ఆ నెలలో ఆమె నోట వచ్చిన అతి పెద్ద మాట అదే.

నేనూ వెంట వెళ్ళాను. పచ్చి సిమెంటు వాసన. మిషన్లు రాబోయే చోట్ల నేల మీద తెల్లరంగుతో గళ్ళు గీసి ఉన్నాయి. ఒక గడిలో పిన్నిని నిలబెట్టి, చేతుల కింద మిషను ఉన్నట్టు అనుకోమని, దాన్ని తర్వాత కంప్యూటర్లో అతికిస్తామని ఫొటోగ్రాఫరు చెప్పాడు. నవ్వమన్నాడు. ఇంట్లో నవ్వి ఎన్నాళ్ళయిందో, ఆ మనిషి నిండుగా నవ్వింది. ఫ్లాష్ వెలిగింది. తిరిగి వస్తుంటే దారి పొడుగునా ఆమె చెయ్యి నా చేతిలో ఉంది గానీ, నన్ను పట్టుకోలేదు.

ఆ ఇష్యూకు వచ్చినంత జనం దేనికీ రాలేదు. పేపర్లు మళ్ళీ మా పరుగును మెచ్చుకున్నాయి. ఇంట్లో పిన్ని వండుతుంది, డ్యూటీకి వెళ్తుంది, వస్తుంది, పడుకుంటుంది. అడిగితే తల ఊపుతుంది. అంతే.

ఒక మధ్యాహ్నం ఉండబట్టలేక షెడ్డు దగ్గరికి వెళ్ళాను. గేటుకు తాళం. లోపల మిషన్లూ లేవు, మనుషులూ లేరు. కిటికీ అద్దం మీద దుమ్ము తుడిచి చూశాను. ఆ తెల్ల గడిలో పిన్ని బ్యాటరీల యూనిఫాంలో నిలబడి ఉంది. గాలిలోంచి ఏదో తీసి, నొక్కి, పక్కన పెడుతోంది. కూనిరాగం తీస్తోంది.

"పిన్నీ" అన్నాను.

తిరిగి చూసింది. "ఏమే, ఇంత ఎండలో పడి వచ్చావు? ఆ మొహమేంటి, వాడిపోయిన వంకాయలాగా? అన్నం తిన్నావా లేదా?"

నాకు ఏడుపు ఆగలేదు. అది మా పిన్నే. పూర్తిగా మా పిన్ని. ఇంటికి పోదాం రమ్మన్నాను.

"షిఫ్టు కానీయవే, వస్తాను."

"ఎప్పుడవుతుంది?"

ఆమె ఆ ఖాళీ షెడ్డంతా ఒకసారి చూసి పకపకా నవ్వింది. "పిచ్చిమొహమా, ఇంకా మొదలైతే కదే, అయిపోవడానికి?"

నేను ఇంటికి చేరేసరికి పిన్ని నేల మీద కూర్చుని కూరగాయలు తరుగుతోంది. నా మొహం నిండా కన్నీళ్ళు, దుమ్ము. తలెత్తి చూసింది. నేను నడవడానికి అడ్డంగా ఉందని గిన్నె పక్కకు జరిపింది. ఎక్కడికి వెళ్ళావని అడగలేదు.