బండి రామవ్వ పటం

ముసలవ్వ ఫోటో స్టూడియో మెట్లెక్కిందంటే జమ్మికుంటలో ఎవరికైనా సంగతి తెలిసిపోతుంది. అది గోడ మీదికే. పెళ్లిపిల్ల సంబంధాల కోసం దిగుతుంది, పసిపిల్ల ముచ్చట కోసం దిగుతుంది, ముసలిది మాత్రం దండ కోసం దిగాలి. ఎవడు పెట్టాడో ఈ రివాజు! పెట్టినవాడు తన తల్లిని ఒక్క మాటైనా అడిగి ఉండడు.

నిజం చెప్పాలంటే వందన కూడా ఎన్నడూ అడగలేదు. పత్తి మార్కెట్ యార్డు ఎదురుగా ఆమె స్టూడియో. ఆడమనిషి ఫోటోలేం తీస్తదని మూతి విరిచిన ఊరే ఇప్పుడు ఆమెకు తీరిక ఉందో లేదో కనుక్కుని లగ్గాలు పెట్టుకుంటోంది. అంతటి మనిషికి కూడా ముసలవ్వ వచ్చిందంటే చేతులు వాటంతట అవే కదిలేవి. కుర్చీ, వెనక నీలం తెర, మోకాళ్ల మీద అరచేతులు, తల మీద కొంగు. తర్వాత కంప్యూటర్లో ఎప్పుడో పోయిన ముసలాయనను పక్కన అతికించి, పటం కట్టి, పైన దండ తగిలించడానికి చిన్న కొక్కెం కొట్టి ఇచ్చేది. కొక్కెం కావాలా అని ఎవరినీ అడిగేది కాదు. అడిగే పనేముంది?

ఆ వానాకాలంలో ఒక పొద్దున పర్శరాములు తల్లిని తీసుకొచ్చాడు.

"అక్కా, మా అవ్వది మంచిగొక ఫోటో దించు. మా వాడకట్టుల ఒక ముసలామె పోతే ఆధార్ కార్డు మీది బొమ్మ పెద్దగ చేసి పెట్టిన్రు. చూస్తె భయమైంది. ఇజ్జత్ పోయింది. మాకు గట్ల కావద్దు."

"సచ్చెటిదాన్ని నాకు లేని ఫికర్ నీకెందుకురా?" అంది తల్లి.

ఆ తల్లి పేరు రామవ్వ. చుట్టుపక్కల ఊళ్లకు బండి రామవ్వ. ఆమె భర్త హనుమండ్లు టీవీఎస్ బండి మీద ఉల్లిగడ్డ, ఎల్లిగడ్డ, ఎండుచేపలు వేసుకుని ఊరూరా అమ్మేవాడు. ఆయన పోయాక బండి గోడకు ఒరిగి తుప్పు పట్టింది, ఆమె తలమీదికి గంప ఎక్కింది. మెడ నరాలు పట్టేసి తల తిప్పలేని రోజులొచ్చాయి. ఒక ఎండాకాలం, పత్తి అమ్మకాలు అయిపోయి యార్డు బోసిపోయి ఉంటే, బండిని అక్కడికి తోసుకుపోయి తనకు తానే నేర్చుకుంది. మోకాళ్లు చెక్కుకుపోయాయి, కొంగు చక్రంలో పడి చిరిగింది. హమాలీలు గోడెక్కి కూర్చుని "ముసలిదానికి దసరా పండుగ" అని పగలబడి నవ్వారు. నవ్విన నాపచేనే పండుతుందంటారు కదా, కొన్నాళ్లకు ఆ బండి హారన్ కొట్టుకుంటూ వాళ్ల పక్కనుంచే పోయింది. నవ్వినవాళ్లే జరిగి దారిచ్చారు.

ఫోన్ మోగి పర్శరాములు బయటికి పోయాడు. వందన రామవ్వను కుర్చీలో కూర్చోబెట్టి కొంగు సర్దింది.

"నవ్వకు అవ్వా."

"ఎందుకు నవ్వద్దు?"

"గోడ మీదికి గదా. గంభీరంగ ఉండాలె."

"సచ్చినంక ఎట్లైనా గంభీరంగనే ఉంట గద బిడ్డా. గిప్పుడే తొందరేంది?"

వందనకు నవ్వు ఆగలేదు. రామవ్వ మాత్రం నవ్వలేదు. వాకిలి వైపు ఒకసారి చూసి గొంతు తగ్గించింది.

"మొన్న వానకు బురదల జారి పడ్డ. గంతే, తాళంచెవి గుంజుకున్నడు. బండి అమ్ముతడట. వయసు మీద పడ్డది, ఇంట్ల కూసో, నలుగురు చూస్తె కొడుకు కూడు పెడ్తలేడంటరు అంటడు. ఇంట్ల కూసుంటె నేనెవల్ని బిడ్డా? ముందుగాల గీ ఫోటోను గోడకెక్కిస్తడు, ఎన్కనుంచి నన్ను మూలకు నూకుతడు."

వందన చేయి కెమెరా మీదే ఆగిపోయింది. ఇన్నేళ్లలో ఈ కుర్చీలో ఎందరిని కూర్చోబెట్టింది, ఎందరిని నవ్వవద్దంది! 

"బండి ఏడున్నదవ్వా?"

"బయటనే. దాని మీదనే తెచ్చిండు, నన్ను ఎన్కకు కూసోవెట్టుకొని."



"పా, బయటికి పోదాం. నువ్వు ఎట్ల దిగుతనంటె గట్లనే దించుత."

రామవ్వ తన బండెక్కింది. కాళ్లు రెండూ నేలకు తన్నిపెట్టి, హ్యాండిల్ పట్టుకుని, నెత్తి మీది కొంగు జారిపోతే జారిపోనిచ్చి, ముందు పన్ను లేని నోటితో పకపకా నవ్వింది. ఫోన్ పెట్టేసి వచ్చిన పర్శరాములు "గిదేందక్కా?" అన్నాడు. "ఊకెనే, ముచ్చటకు" అని, అతను అడిగినట్టు కుర్చీలో కూడా ఒకటి దించింది వందన.

బండి మీది ముచ్చటను ఆమె పెద్దగా అచ్చువేసి, సాయంత్రం స్టూడియో ముందరి అద్దాల అరలో పెట్టింది. ఆ అరలో నిరుటి నుంచి దామోదర్‌రావు దొర ఉన్నాడు. డెబ్బై దాటినాయన, మీసం మెలేసి జీపు పక్కన నిలబడ్డాడు. ఆయన పక్కనే రామవ్వ. చూడముచ్చటగా ఉందనుకుని, వందన మరునాడు పొద్దున్నే ఒక పెళ్లి పని మీద ఊరెళ్లింది.

ఇక చూడండి తమాషా. ముసలవ్వ ఒంటరిగా అంత పెద్ద ఫోటోలో కనిపిస్తే మనవాళ్లకు ఒక్కటే అర్థం. యార్డుకు పోతున్న ఒకామె చూసి గుండె బాదుకుంది. ఎవరో ఆ అద్దాన్ని ఫోన్లో తీసి, కింద 'ఓం శాంతి' అని రాసి స్టేటస్ పెట్టుకున్నారు. పొద్దెక్కేసరికి ఆ కబురు ఊళ్లు దాటింది. మరి చనిపోయిందన్న మనిషి ఎలా నవ్వుతోందని ఒక్కరికీ అనుమానం రాలేదు. రామవ్వ చెల్లెలు తారాబాయి ఆసిఫాబాద్‌లో బస్సెక్కి, శవం మీద కప్పడానికి తల్లిగారింటి చీర పట్టుకుని, దారి పొడవునా శోకాలు పెడుతూ వచ్చింది. వచ్చేసరికి అక్క గడపలో కూర్చుని ఉల్లిగడ్డలు ఏరుతోంది.

"సచ్చినంక చీర తెచ్చినవ్ గని, బతికినప్పుడు ఎన్నడన్న తెచ్చినవానే?" అని రామవ్వ ఆ చీర లాక్కుని అక్కడే చుట్టుకుందట.

మర్నాడు వందన తిరిగి వచ్చేసరికి అద్దానికి బంతిపూల దండ వేలాడుతోంది, కింద కాలిన ఊదుబత్తీలు. ఆమె ఇంకా తేరుకోకముందే పర్శరాములు బండి దిగి ఊగిపోతూ వచ్చాడు. వెనకే ఆకుపచ్చ కొత్త చీరలో రామవ్వ.

"బతికున్న మనిషిని సంపినవ్ గదక్కా! తీసెయ్ దాన్ని!"

వందన తప్పు తనదే అనుకుని అర తలుపు తెరిచింది. ఫోటో మీద చేయి వేసేసరికి పక్కన దొర మీసం కనిపించింది. అప్పుడు వచ్చింది కోపం.

"తమ్మీ, గీ దొర నిరుటి సంది గిదే అద్దంల ఉన్నడు. ఒక్కలన్న దండేసిన్రా? ఒక్కలన్న ఊదుబత్తి ముట్టిచ్చిన్రా? ముసలాయన జీపు పక్కకు నిలబడితే దర్జా, మీ అవ్వ బండి మీద నవ్వితే చావా? సంపింది నేనా, మనందరి కండ్లా?"

పర్శరాములు ఆ ఫోటోనే చూస్తూ మెట్టు మీద కూర్చున్నాడు. 

"నిన్న పొద్దంత ఇంటికి ఒకటే మనుషులక్కా. మా బాపు పోయినప్పుడు గూడ గంతమంది రాలే. హనుమండ్లు పెండ్లామని ఒక్కలనలే, పర్శరాములు తల్లి అని ఒక్కలనలే. బండి రామవ్వా అనే ఏడ్చిన్రు. ఒకామె, ఇగ నా షుగర్ గోలీలు ఎవలు తెచ్చిస్తరని నా చెయ్యి వట్టుకొని ఏడ్చింది. గోలీలు గూడ తెచ్చిస్తదని నాకు ఎర్కనే లేదు."

రామవ్వ వచ్చి వాడి ముందు అరచేయి చాపి నిలబడింది. వాడు తల ఎత్తకుండానే అంగీ జేబులోంచి తాళంచెవి తీసి అందులో పెట్టాడు.

"బురద కాడ మెల్లగ పో అవ్వా" అన్నాడు. తర్వాత వందన వైపు తిరిగి, "గోడ మీదికి గిదే కట్టియ్యక్కా. కుర్సీది వద్దు."

రామవ్వ అద్దం మీది దండ తీసి బండి హ్యాండిల్‌కు చుట్టి, ఎదురుగా యార్డులోని హమాలీల వైపు చూసింది. "ముసలిదానికి దసరా పండుగ అంటిరి గద. కానియ్యి మరి!"

వందన పటం కట్టింది. చివర అలవాటు కొద్దీ చేయి కొక్కెం అందుకుంది. నాలుక కరుచుకుని పక్కన పెట్టబోయింది.

"కొట్టు బిడ్డా, కొట్టు" అంది రామవ్వ. "బండి తాళంచెవి తగిలేస్కుంట. యాడ వెట్టిన్నో యాదికుంటలేదు."

ఆ పటం ఇప్పుడు వాళ్లింటి నడిమి గోడకు ఉంది. పొద్దంతా ఆ కొక్కెం ఖాళీగానే ఉంటుంది. రామవ్వ ఇంట్లో ఉంటే కదా!