పసుపు పూసిన తెర

"ధుమ్మ్!"

మాదాపూర్‌లో ఆ రోజుల్లో కొత్త బిల్డింగుల కోసం బండలు పేలుస్తుంటే కిటికీలు వణికేవి. ఇది ఆ చప్పుడు కాదు. బటన్ నొక్కగానే ఆనాటి డబ్బా మానిటర్ ఒళ్లు విదిలించుకుని రంగులు సర్దుకునే చప్పుడు. పొద్దుట్నుంచీ అదే మోత.

"ఏంది సారూ, దాన్ని జర బతకనియ్యరాదు?" అంది రిసెప్షన్‌లో కూర్చునే రేణుక.

మానిటర్ వెనకనుంచి రామబ్రహ్మం తల బయటికొచ్చింది. అనంతపురం ఫొటో స్టూడియోలో నలుపు తెలుపు పెళ్లికూతుళ్ల బుగ్గలకు రంగులద్దిన మనిషి. ఇప్పుడు చీరల వెబ్‌సైటుకు రంగులు చూడటం పని. ధర్మవరం షాపు కమలమ్మ ఒకటే మాటంది: "నా పసుపు చీర ఏ కంప్యూటర్లో చూసినా ఒకే మాదిరి ఉండల్ల." ఆ రోజే ఆవిడొచ్చి చూసి ఒప్పుకుంటే రామబ్రహ్మానికి ఉద్యోగం ఖాయం. లేకుంటే మళ్లీ అనంతపురం బస్సు.

తన టేబుల్ మీది మానిటర్లో చీర చామంతి పువ్వు. రిసెప్షన్ మానిటర్లో మాగిన మామిడిపండు. అసలు చీర భుజాన వేసుకుని ఆ గదికీ ఈ గదికీ పరుగులు తీశాడు. రిసెప్షన్ మానిటర్లో నీలం పెంచాడు, ఎరుపు తగ్గించాడు. చివరికి రెండు తెరలూ, భుజాన చీరా మూడు చామంతులై ఒకే కొమ్మన పూసినట్టయింది. హమ్మయ్య అనుకుని మొహం కడుక్కోవడానికి వెళ్లాడు.

తిరిగొచ్చేసరికి రిసెప్షన్ తెర మీది చీర పాలిపోయి ఉంది, వెన్నెల్లో ఆరేసినట్టు.

"ఏం చేశావు తల్లీ?"

"ఏం చెయ్యలే సారూ. చీరల షాపు పెద్దమ్మ వస్తున్నదని తెర తుడిచిన. దసరా పూజకు పసుపునీళ్లు పూస్తిమి గద, గట్లనే ఎండి ఉండె. దేవుని పసుపని ఎవ్వరు ముట్టలే."

రామబ్రహ్మం కుర్చీలో కూలబడ్డాడు. పొద్దుట్నుంచీ తను సరిచేసింది దసరానన్నమాట!

మెట్ల మీద కమలమ్మ గాజులు మోగాయి. మళ్లీ మొదలుపెట్టే వ్యవధి లేదు.

"పసుపుందా?"

రేణుక పూజ డబ్బా అందించింది. నీళ్లలో కలిపి, గుడ్డ ముంచి, పెళ్లికూతురి బుగ్గకు అద్దినంత నాజూగ్గా తెరంతా రాస్తుండగా కమలమ్మ గుమ్మంలో నిలబడిపోయింది. చెప్పులు విడిచింది.

"నా చీరకు పూజ చేస్తాండావా నాయనా?" ఆవిడ కళ్లు చెమర్చాయి.

రామబ్రహ్మం వంచిన తల ఎత్తకుండా చివరి మూల కూడా అద్దేశాడు. రేణుక నవ్వాపుకోలేక అటు తిరిగి అగరొత్తి వెలిగించింది.

కమలమ్మ రెండు తెరలూ చూసి తలూపింది. "తక్కిన చీరలు గూడా నువ్వే చూడు నాయనా."

ఉద్యోగం ఖాయమైంది. ఇదంతా కథగా రాస్తానని నేనంటే రామబ్రహ్మం చాలాసేపు నవ్వాడు.

"రాసుకోండి సార్. గానీ ఆ పసుపు డబ్బా ఇప్పటికీ నా సొరుగులోనే ఉందని మాత్రం రాయొద్దు."