ఎడమ గొట్టంలో పొగమంచు

మా బావ చేతి గడియారాలు బాగుచేస్తాడు. ముప్పై రెండేళ్ళుగా అదే వీధిలో, అదే అద్దాల బల్ల వెనక, కుడికంటికి భూతద్దం తగిలించుకుని, ఎడమకన్ను గట్టిగా మూసుకుని కూర్చుంటాడు. ఆయన కూర్చునేది అక్కడొక్కచోటే. బల్ల దగ్గర్నుంచి లేచాడంటే ఇక కాలు నిలవదు. అన్నం తింటూ మధ్యలో లేచి కిటికీ గడియ బిగిస్తాడు. ఫోన్లో మాట్లాడుతూ ఇల్లంతా నాలుగు చుట్లు చుడతాడు. పెళ్ళయిన వారంలోనే మా అక్క ఆయనకు 'సెకన్ల ముల్లు' అని పేరు పెట్టింది. ఆ పేరు వీధి వీధంతా పాకింది.

అలాంటి మనిషి పక్షుల్ని చూస్తానంటే ఎవరికి నవ్వు రాదు? పొద్దున్నే నడకకు వెళ్ళే పార్కులో ఒక కొలను ఉంది. ఆదివారాలు అక్కడ నలుగురైదుగురు మెడలో బైనాక్యులర్స్ వేసుకుని, చెట్లకేసి చూస్తూ గంటలకొద్దీ కదలకుండా నిలబడతారట. వాళ్ళలో ఒక రిటైరైన లెక్కల టీచరమ్మ తన బైనాక్యులర్స్ ఒక్క నిమిషం బావ చేతికిచ్చింది. అంతే. ఇంటికొచ్చి, చెప్పులు విప్పకుండానే, "నాకూ ఒకటి కావాలి" అన్నాడు.

కావాలన్నవాడు కొనుక్కోవచ్చుగా? కొనడు. వారం రోజులు నా బుర్ర తిన్నాడు. "మరీ చౌకవి ఆటబొమ్మలురా. మరీ ఖరీదైనవి కొంటే పక్షులు బెదరవుగానీ మీ అక్క బెదురుతుంది. మధ్యరకం చూడాలి. మధ్యరకంలోనే అసలు చిక్కు. ఏది మంచిదో, ఏది పైపై మెరుగో తెలీదు" అన్నాడు. నేను నీళ్ళ ఆఫీసులో గుమస్తాని. గొట్టాల గురించి తెలుసుగానీ ఈ గొట్టాల గురించి నాకేం తెలుసు?

ఆయన పెరట్లోకి వెళ్ళగానే అక్క నన్ను వంటింట్లోకి లాగింది.

"ఒరేయ్, మీ బావ కంటికేదో అయిందిరా. ఎడంవైపు నుంచి ఎవరొచ్చినా గుద్దుకుంటున్నాడు. మొన్న గ్లాసులో పొయ్యాల్సిన నీళ్ళు పక్కన పోశాడు. డాక్టరు మాటెత్తితే ఒంటికాలి మీద లేస్తున్నాడు. ఆ కళ్ళే కదరా మా బతుకు. కొట్టుకి ఆయనతో నువ్వు కూడా వెళ్ళు. బైనాక్యులర్స్ సంగతి అలా ఉంచు, ఆయన్ని కనిపెట్టి చూడు."

గడియారాలు బాగుచేసేవాడికి కన్ను పోవడమంటే ఏమిటో నాకెవరూ విడమరిచి చెప్పక్కర్లేదు. సరేనన్నాను.

మేమిద్దరం వెళ్ళింది స్కూళ్ళకి మైక్రోస్కోపులూ, సర్వేవాళ్ళకి కొలత పరికరాలూ అమ్మే కొట్టుకి. యజమాని కూతురు బల్ల మీద మెత్తటి గుడ్డ పరిచి మూడు జతలు పెట్టింది. బావ మొదటిదాన్ని తీసి ముందు కంటికి పెట్టలేదు, చెవికి పెట్టాడు. మెల్లగా ఊపి విన్నాడు. మధ్యలో ఉన్న చక్రాన్ని కీ ఇచ్చినట్టు రెండు వేళ్ళతో తిప్పాడు. ఆ అమ్మాయికి నవ్వాగలేదు.

"ఇది ఎనిమిదింతలు చూపిస్తుంది సార్, అది పదింతలు. పదింతలదైతే చేతి వణుకు కూడా పదింతలు కనిపిస్తుంది. పక్షులకి ఎనిమిదే హాయి. చూపు వెడల్పుగా ఉంటుంది, ఎగిరే పిట్ట తొందరగా దొరుకుతుంది."

"నా చెయ్యి వణకదమ్మా" అన్నాడు బావ. అది నిజమే. వెంట్రుకంత స్ప్రింగును పట్టకారుతో ఎత్తి పెట్టే చెయ్యి అది. అయినా ఆ అమ్మాయి మాట విని ఎనిమిదింతలదే తీసుకున్నాడు. కళ్ళజోడు ఉన్నవాళ్ళకీ సరిపోతుంది, వాన పడినా లోపలికి నీరు చేరదు, మెడకి బరువు కాదు. పైగా వారంలోపు మార్చుకోవచ్చట. ఆ చివరి మాట ఆ పిల్ల ఎందుకన్నదా అని తర్వాత చాలాసార్లు తిట్టుకున్నాను.

రెండో రోజు సాయంత్రం ఆఫీసుకే వచ్చేశాడు. నా బల్ల ముందు కుర్చీ ఉన్నా కూర్చోలేదు. ఫైళ్ళ బీరువా తలుపు తెరిచాడు, మూశాడు, మళ్ళీ తెరిచాడు.

"ఎడమ గొట్టంలో పొగమంచు ఉందిరా. చెట్టు చెట్టులా లేదు, నీడలా ఉంది. పద, మార్చేద్దాం."

వెళ్ళాం. ఆ అమ్మాయి కంటికి పెట్టుకుని వీధి చివరిదాకా చూసి, "బాగానే ఉంది కద సార్" అంది. నేనూ చూశాను. ఎదురు మేడ మీద ఆరేసిన చొక్కా బొత్తాలు లెక్కపెట్టొచ్చు. బావ వినలేదు. పదింతలది తీసుకున్నాడు. నాలుగు రోజులు తిరక్కముందే అదీ వెనక్కి వచ్చింది. ఎడమ గొట్టంలో పొగమంచేనట. మూడోది ఇంకో కంపెనీది. అదీ అంతే.

ఆ పదిరోజులూ ఆయన నన్ను కాలుగాలిన పిల్లిని చేసి తిప్పాడు. బస్సు ఎక్కితే ఒక స్టాపు ముందే దిగిపోయేవాడు, కూర్చోలేనంటూ. పార్కుకి వెళితే లెక్కల టీచరమ్మ "అదుగో, ఆ ఎడమ కొమ్మ చివర" అంటే, అటు చూడకుండానే "ఆ ఆ, చూశా" అనేవాడు. మధ్యలో అక్క ఫోన్లు. "ఏమన్నా తెలిసిందా?" "ఇంకా లేదక్కా." "నువ్వు అసలు చూస్తున్నావా లేదా?" ఇద్దరి మధ్యా పడి నేను నలిగిపోయాను. నాకసలే కోపం ముక్కు మీద ఉంటుంది.

ఆఫీసులో ఉత్తరాలకు ముద్రలు కొడుతుంటే ఉన్నట్టుండి ఒక సంగతి తట్టింది. గడియారం ఆగిపోయిందని ఎవరొచ్చినా బావ ఎప్పుడూ ఒకే మాట అంటాడు: "గడియారం ఆగలేదండీ, మీరు కీ ఇవ్వడం ఆపారు." ముప్పై రెండేళ్ళలో ఒక్క యంత్రాన్నీ తప్పుపట్టని మనిషి. ఇప్పుడు వరసగా మూడు యంత్రాల్ని తప్పుపడుతున్నాడు. ఏదో ఉంది. దాన్ని తేల్చే ఉపాయం కూడా వెంటనే దొరికింది. బైనాక్యులర్స్‌ని తలకిందులుగా తిప్పి పెట్టుకుంటే ఎడమ గొట్టం కుడికంటి ముందుకొస్తుంది. మంచు గొట్టంలో ఉంటే కుడికంటికి కనిపించాలి. కంట్లో ఉంటే ఎడమకంటి దగ్గరే ఉండిపోవాలి. నా తెలివికి నేనే మురిసిపోయాను.

మూడోదాన్ని మార్చడానికి వెళ్ళినప్పుడు ఆ అమ్మాయి ఓపిక కూడా అడుగంటింది.

"సార్, ఒక్కసారి నేను చెప్పినట్టు చెయ్యండి. కుడికన్ను మూసుకోండి. ఎడమకంటితో ఎదురుగా ఉన్న ఆ బోర్డు చూస్తూ మధ్య చక్రం తిప్పండి. అక్షరాలు తేటపడగానే ఆపండి."

బావ తిప్పాడు. చక్రం ఆ చివరికి వెళ్ళింది. వెనక్కి ఈ చివరికి వచ్చింది. మళ్ళీ ఆ చివరికి. ఎక్కడా ఆపలేదు. నుదుటి మీద చెమట పట్టింది.

"ఇదీ పాడే. ఇంకోటి చూపించమ్మా."

నాకు చిర్రెత్తుకొచ్చింది. ఆయన చేతిలోంచి లాక్కుని, తలకిందులు చేసి ముందుకు చాపాను. "ఇలా పెట్టుకుని చూడు బావా. గొట్టం తప్పో, ఇంకేదన్నా తప్పో ఇప్పుడే తేలిపోతుంది."

ఆయన అందుకోలేదు.

"అక్కర్లేదు" అన్నాడు.

"ఎందుకక్కర్లేదు? భయమా?"

"మొదటి రోజే తిప్పి చూశాన్రా."

ఆ అమ్మాయి చేతిలో గుడ్డ అలాగే ఉండిపోయింది.

"చిన్నప్పట్నుంచీ మిషన్లు విప్పుతున్నవాణ్ణి, నాకా మాత్రం తెలీదా? మూడింటినీ తిప్పి చూశాను. మంచు గొట్టంతోపాటు కదల్లేదు. నా దగ్గరే ఉండిపోయింది."

"మరి ఎందుకు మార్చావు బావా?"

"ఒక్కటన్నా నిజంగా పాడైంది దొరుకుతుందేమోనని."

ఇంత సిగ్గు నా జన్మలో ఎప్పుడూ పడలేదు. పదిరోజులుగా ఆ మనిషి లోపల ఏం మోస్తున్నాడో తెలియక, పెద్ద తెలివైనవాడిలా ఆయన గుట్టు బయటపెట్టబోయాను. ఆ అమ్మాయి చప్పుడు చెయ్యకుండా ఒక స్టూలు తెచ్చి వేసింది. బావ కూర్చోలేదు. బల్ల చుట్టూ ఒకసారి తిరిగి వచ్చి, "ఇన్నేళ్ళూ ఆ కన్ను మూసుకునే పనిచేశాను కదా, అదెప్పుడు మసకబారిందో నాకే తెలీలేదు. పనికి అడ్డం రాలేదు మరి" అన్నాడు. తర్వాత గొంతు తగ్గించి, "రెండోదానికీ ఇదే అవుతుందని డాక్టరు అంటే ఏం చెయ్యనురా?" అన్నాడు.

నేను చేతిలో ఉన్న బైనాక్యులర్స్‌ని మెల్లగా బల్ల మీద పెట్టేశాను.

ఆయన ఆ అమ్మాయి వైపు తిరిగి, "మొదట తీసుకున్నదే ఇవ్వమ్మా, ఎనిమిదింతలది. దానిలో ఏ లోపమూ లేదు" అన్నాడు. ఆ అమ్మాయి దాన్ని సంచిలో పెట్టి ఇచ్చింది.

"ఇంటికి పోదామా?" అన్నాను.

"ఇంటికెళితే మళ్ళీ బయల్దేరను. ఆ మలుపులో కళ్ళాసుపత్రి ఉందిగా. ఇప్పుడే."

అక్కడ బెంచీ మీద ఒక్క నిమిషం కూర్చోలేదు. చీటీ పట్టుకుని వరండాలో అటూ ఇటూ నడుస్తూనే ఉన్నాడు. పిలుపు వచ్చాక డాక్టరమ్మ రెండు కళ్ళలోనూ ఒత్తిడి కొలిచి, కుడికన్ను మళ్ళీ చూసింది. చాలాసేపు చూసింది. ఆయన మోకాలు ఆగకుండా ఊగుతోంది. "ఎడమకంటిని దెబ్బతీసిన లోపలి ఒత్తిడి దీంట్లోనూ మొదలైంది. కానీ చూపు పోలేదు. రోజూ చుక్కల మందు మానకుండా వేసుకుంటే నిలబెట్టుకోవచ్చు. ఇంకో ఏడాది ఆగి వచ్చుంటే నేను ఈ మాట అనగలిగేదాన్ని కాదు" అంది. బావ మోకాలు ఆగింది.

అప్పుడు ఆమె ఆయన కుడికంటిని అరచేత్తో మూసి, "ఇప్పుడు చెప్పండి, ఎదురుగా ఏముంది?" అంది.

ఆయన చాలాసేపు కదలకుండా చూశాడు.

"ఎవరో నిలబడ్డారు."

"ఎవరు?"

బావ చెయ్యి ముందుకు చాపాడు. ఆ చెయ్యి వణుకుతోంది.

"ఏరా, నువ్వేనా అది?"

ఆయనకి మూరెడు దూరంలో ఉన్నాను నేను. ఆ చెయ్యి పట్టుకుని, "నేనే బావా" అన్నాను.